ఏడాది ముందే పూసిన తెల్ల చామంతి

మా ఊళ్ళో అక్టోబరు వచ్చిందంటే ఆడపిల్లలంతా గంగిరెద్దులైపోతారు. ఈ మాట నొయెమీ ముందు అంటే డ్రమ్ము పుల్లతో నెత్తిన ఒక్కటిస్తుంది. అందుకని ఇక్కడే అనేసి ఊరుకుంటున్నాను.

పత్తి చేల మధ్య ఒక జిన్నింగు మిల్లు, ఒక నీళ్ళ ట్యాంకు, ఒక హైస్కూలు, ఊరి జనమంతా పట్టేంత ఫుట్‌బాల్ మైదానం. పశ్చిమ టెక్సస్‌లో మా ఊరంటే ఇంతే. అక్టోబరులో ఒక శుక్రవారం హోంకమింగ్ ఆట జరుగుతుంది. పాత విద్యార్థులంతా ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ రోజు ఆడపిల్లలు పొద్దున్నే చామంతి వేసుకుని స్కూలుకు రావాలి. జడలో తురుముకునే చామంతి కాదు. పళ్ళెమంత గుడ్డ పువ్వు, దాని కింద మోకాళ్ళు దాటి వేలాడే రిబ్బన్లు, రిబ్బన్ల నిండా గంటలు, మువ్వలు, బుల్లి ఎలుగుబంటి బొమ్మలు. పిన్నుతో గుచ్చుకుంటే చొక్కా చిరిగిపోతుంది కాబట్టి పట్టీ కట్టి మెడకు తగిలించుకుంటారు. దాన్ని అబ్బాయి ఇవ్వాలి. బదులుగా అమ్మాయి అతనికి అలాంటిదే చిన్నది, చేతికి దండకడియంలా కట్టుకునేది చేసిస్తుంది.

ఎవరి పువ్వు పెద్దది, ఎవరి గంటలు ఎక్కువ మోగుతున్నాయి, ఎవరి మెడ బోసిగా ఉంది, ఆ రోజు స్కూల్లో జరిగే చదువు ఇదొక్కటే. గంటల గోలకు టీచర్లు కూడా చేతులెత్తేస్తారు.

నా పేరు ఆండర్స్. అసలు మాది ఉత్తరాన ఉన్న నెబ్రాస్కా రాష్ట్రం. అమ్మా నేనూ ఇద్దరమే. అక్కడి స్కూల్లో ఒకసారి నిలబడి పాఠం చదువుతుంటే నా గొంతు పగిలి కీచుమంది. ఆ వయసులో ఎవరికైనా అలాగే అవుతుంది. కానీ నాది ఎవడో మహానుభావుడు ఫోన్లో పట్టి అందరికీ పంచిపెట్టాడు. ఆ తర్వాత నేను నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీ నుంచి కీచు. భోజనాల హాల్లో నడిస్తే కీచు. నేను మాట్లాడటం మానేశాను. ఎవరేమడిగినా 'అవును' అనేవాణ్ణి, ఎందుకంటే 'అవును' అంటే ఇంకో ప్రశ్న రాదు. పొద్దున్నే కడుపులో నొప్పి. మధ్యాహ్నం టాయిలెట్లో తలుపేసుకుని భోజనం. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే, కానీ ఆ సిగ్గు నాది కాదని ఈ మధ్యే తెలిసింది.

అమ్మకు ఈ ఊరి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. పదకొండో తరగతికి ఇక్కడ చేరాను. చేరేముందే అమ్మతో తేల్చి చెప్పాను, నావల్ల కాదు, ఇంట్లోనే కూచుని కంప్యూటర్లో చదువుకుంటానని.

"హోంకమింగ్ దాకా చూడు నాన్నా," అంది అమ్మ. "అప్పటికీ నీవల్ల కాదంటే నేను ఒక్క మాట అనను. ఇంట్లోనే చదువుకో."

నాకు తెలుసు, ఇంట్లో కూచుంటే మళ్ళీ బయటికి రానని. అమ్మకు కూడా తెలుసు. అందుకే మేమిద్దరం ఆ శుక్రవారం ఊసెత్తకుండా దాని కోసమే ఎదురుచూస్తూ ఉండేవాళ్ళం.

బ్యాండులో నాది ట్యూబా, భుజాన మోసే పెద్ద బాకా. ట్యూబాలు వాయించేవాళ్ళని వెనక వరసలో నిలబెడతారు, అది నాకు చాలా నచ్చింది. నా పక్కనే పెద్ద డ్రమ్ము వాయించే అమ్మాయి నొయెమీ కాంటూ. పొట్టి మనిషి. డ్రమ్ము కట్టుకుంటే ముందు నుంచి డ్రమ్మూ రెండు కాళ్ళూ మాత్రమే కనిపిస్తాయి. నోరు మాత్రం ఆ డ్రమ్ము కన్నా పెద్దది.

మధ్యాహ్నాలు నేను బ్యాండు గదిలో దాక్కుని తింటుంటే ఒకరోజు పట్టేసింది. మా నెబ్రాస్కాలో ఘాటైన చిల్లీ కూరలో దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె ముంచుకు తింటారు. నేను అదే తింటున్నాను.

"ఏంటది? కూరలో కేకు ముంచుతున్నావా?"

"అవును," అన్నాను అలవాటుగా.

"ఛీ, మనిషివేనా నువ్వు!" అని ఒక ముక్క లాక్కుని ముంచుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. కాసేపు ఆలోచించింది. "ఇంకో ముక్క ఇవ్వు," అంది.

మర్నాటి నుంచి అమ్మ ఇద్దరికి సరిపడా కట్టింది. నొయెమీ వాగేది, నేను తలాడించేవాణ్ణి. ఒకరోజు వాగుడు మధ్యలో ఒక సంగతి చెప్పింది. అంతకు ముందు ఏడాది ఒకడు చామంతి ఇస్తానని మాటిచ్చి, ఆట రేపనగా మనసు మార్చుకున్నాడట. అప్పటికే ఈమె అతనికి దండకడియం కుట్టేసింది కూడా.

"ఆ శుక్రవారం స్కూలంతా గణగణలే. నేను ఒక్కదాన్నే చప్పుడు లేకుండా నడిచా. దెయ్యాలు అలాగే నడుస్తాయంట కదా," అని నవ్వింది. "మెరూన్ రిబ్బన్లు, బంగారు రంగు గంటలు. ఎప్పుడో ఒకప్పుడు వేసుకుంటాలే. నాకేం తొందర?"

మెరూన్, బంగారు రంగు మా స్కూలు రంగులు. ఆమె ఆ మాట ఎంత స్పష్టంగా చెప్పిందో చూడండి. అయినా నా చెవికెక్కలేదు. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో ఒకటే మోగుతోంది, ఈ పిల్లకి చామంతి నేనిస్తాను. ఆ వారమే అడిగేశాను. అడిగేటప్పుడు నా గొంతు మళ్ళీ కీచుమంది. ఆమె విననట్టే, "సరే, నీ దండకడియానికి కొలత ఇవ్వు," అంది.

ఇక్కడొక కట్టుబాటు ఉంది. మెరూన్ చామంతి తొమ్మిది, పది, పదకొండు తరగతుల వాళ్ళది. తెల్ల రిబ్బన్లు, వెండి గంటల చామంతి పన్నెండో తరగతి సీనియర్లది. వాళ్ళకది పట్టాభిషేకం లాంటిది. మూడేళ్ళు ఎదురుచూసి నాలుగో ఏడు వేసుకుంటారు. చిన్న క్లాసు పిల్ల తెల్లది వేసుకుందంటే పెద్దాళ్ళ కుర్చీలో కూచున్నట్టే. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు. ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది నాకూ మా అమ్మకూ.

అంగట్లో ఒక గోడ నిండా చామంతులు వేలాడుతున్నాయి. పై వరసలో తెల్లవి, వెలిగిపోతున్నాయి. "ఎవరినైనా అడుగుదామా, ఎలాంటిది ఇవ్వాలో?" అంది అమ్మ.

"వద్దు," అన్నాను. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. తెలియదని తెలిస్తే నవ్వుతారు. అప్పటి నా లెక్క అది.

నేను తెల్ల పువ్వు వైపు చూపించాను. కౌంటర్లో ఉన్న ఆవిడ జుట్టు ఎత్తుగా ముడేసుకుంది, కళ్ళజోడు ముక్కు చివర ఉంది. "సీనియర్‌కా బాబూ?" అని అడిగింది.

ఆమె ఎందుకడుగుతోందో నాకు తెలియదు. "అవును," అన్నాను.

అదండీ సంగతి. ఒక్క 'అవును' ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

ఆ వారమంతా అమ్మా నేనూ వంటింటి బల్ల మీద పనిలో పడ్డాం. రిబ్బన్లు జడలా అల్లడం, గంటలు కట్టడం, వేడి జిగురు తుపాకీతో అంటించడం. ఆ జిగురు చేతి మీద పడిందంటే చర్మం ఊడొస్తుంది. నర్సు అయ్యుండి అమ్మ కూడా నాలుగు వేళ్ళకు పట్టీలు వేసుకుంది. కానీ అయ్యాక చూస్తే, మా చేతులతో అంత అందమైనది తయారైందంటే మాకే నమ్మబుద్ధి కాలేదు. అమ్మ దాన్ని ఎత్తి ఊపింది. ఇల్లంతా మోగింది. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వడం చూశాను.

గురువారం సాయంత్రం పెట్టె పట్టుకుని నొయెమీ ఇంటికి వెళ్ళాను. ఆమె వాళ్ళ పిన్ని డెలియా దగ్గర ఉంటుంది. ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. నొయెమీ మూత తీసింది.

నోరు మూతపడని ఆ పిల్ల పెట్టెలోకి చూస్తూ నిలబడింది.

డెలియా పిన్ని తొంగి చూసింది. "అయ్యో, ఇదేంటే, ఇది తె..."

"పిన్నీ, పొయ్యి మీద బీన్స్ మాడుతున్నాయి."

"నేను పొయ్యే ముట్టించలేదు."

"అయితే వెళ్ళి ముట్టించు!"

పిన్ని నా మొహం వైపూ ఆమె మొహం వైపూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. నొయెమీ నా వైపు తిరిగింది. "నువ్వే చేశావా?"

"అమ్మా నేనూ."

"చేతులు చూపించు."

చూపించాను. బొబ్బలు ఒక్కొక్కటే చూసింది. తర్వాత చామంతి బయటికి తీసి మెడకు తగిలించుకుంది. పొట్టిది కదా, రిబ్బన్లు చెప్పుల మీద పడ్డాయి. ఒకసారి గెంతింది. గంటలన్నీ ఒక్కసారిగా మోగాయి.

"భలే మోగుతోంది," అంది. నా వైపు చూడకుండానే లోపలికి వెళ్ళి నా దండకడియం తెచ్చిచ్చింది. మెరూన్ రంగు, మధ్యలో బంగారు దారంతో ట్యూబా బొమ్మ. ఇంటికొస్తూ నేను అనుకున్నది ఇదే: నచ్చలేదు, నచ్చలేదు, నచ్చలేదు.

శుక్రవారం స్కూలు పశువుల సంతలా మోగిపోతోంది. నేను నా లాకరు దగ్గర నిలబడ్డాను, చేతికి దండకడియంతో. వరండా చివర నుంచి నొయెమీ వస్తోంది. ఆమె వస్తున్న కొద్దీ రెండు పక్కలా మాటలు ఆగిపోతున్నాయి. తర్వాత నవ్వులు.

నాకు ఆ నవ్వు తెలుసు. నెబ్రాస్కా నుంచి నా వెంటే వచ్చినట్టుంది.

మొదట అడ్డం పడింది కోల్బీ, సీనియరు, బ్యాండులో బూర వాయిస్తాడు. "ఏంటి నొయెమీ, డబుల్ ప్రమోషనా?"

"అవును. నీకు ఎలాగూ ఇంకో ఏడాది పట్టేలా ఉంది కదా, నీ సీటు ఖాళీగా ఉండకూడదని."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. కానీ కోల్బీ పక్కనున్న షేలీ నవ్వలేదు. ఆమె మెడలో తెల్ల చామంతి ఉంది, నడుం వంగిపోయేంత పెద్దది. "తమాషా కాదు నొయెమీ. తెల్లది సీనియర్లది. మేం మూడేళ్ళు ఆగాం. ఎవడు చేసిచ్చాడు నీకిది? ఆ మాత్రం తెలియదా ఆ వెధవకి?"

అప్పుడు తెలిసింది నాకు. వరండా అంతా చూశాను. తెల్లవన్నీ పన్నెండో తరగతి వాళ్ళ మెడల్లో ఉన్నాయి. మెరూన్ కడలిలో మా క్లాసు నుంచి తెల్లది ఒక్కటే. అది నేను తగిలించింది. ఆ పిల్ల బతుకులో మొదటి చామంతి, దాన్ని కూడా నేను నవ్వులపాలు చేశాను.

నొయెమీ ఏం జవాబిచ్చిందో వినలేదు. పరుగెత్తాను. బ్యాండు గది వెనక యూనిఫారాలు వేలాడదీసే గదిలో దూరి తలుపేసుకున్నాను. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, వచ్చి తీసుకెళ్ళు. ఇక నావల్ల కాదు."

అమ్మ ఏమైందని అడగలేదు. "వస్తున్నా నాన్నా," అంది. మాట ప్రకారం ఒక్క మాట అనలేదు.

యూనిఫారాల మధ్య కింద కూచున్నాను. అంతలో దూరంగా గంటల చప్పుడు. దగ్గరికొస్తోంది. మా అమ్మ ఒక్క గంట కూడా తక్కువ కట్టలేదు మరి, అది వేసుకుని ఎవరినీ చాటుగా వెతకడం కుదరదు. తలుపు తెరుచుకుంది.

"ఇక్కడే ఉంటావనుకున్నా," అంది నొయెమీ. రిబ్బన్లు పక్కకు సర్దుకుని నా ఎదురుగా నేల మీద కూలబడింది. "ఆ ట్యూబా పెట్టెలో దూరతావేమో అనుకున్నా కానీ, నీ కాళ్ళు పట్టవు."

"నన్ను క్షమించు. నాకు తెలియదు. తెల్లది... నాకు నిజంగా తెలియదు."

"నీకు తెలియదని తెలుసు."

"తీసెయ్. ప్లీజ్. అది తీసెయ్."

"ఎందుకు?"

"వాళ్ళు నిన్ను చూసి నవ్వుతున్నారు!"

"నవ్వనీ. పెట్టె మూత తీసినప్పుడే తెలుసు నాకు, నవ్వుతారని."

అప్పుడు తలెత్తి చూశాను. "నిన్ననే తెలుసా?"

"నేను ఇక్కడే పుట్టానయ్యా బాబూ. రంగులు పుట్టక ముందు నుంచీ తెలుసు."

"తెలిసి వేసుకొచ్చావా?"

ఆమె ఒక గంటను వేలితో కొడుతూ కూచుంది. "చూడు, గొప్పలు చెప్పుకోను. రాత్రి ఏడ్చాను. ఏడాదంతా మెరూన్‌ది కలగన్నాను కదా. పిన్ని తెల్ల రిబ్బన్లు ఊడదీసి మెరూన్‌వి కుట్టేస్తానంది. కత్తెర కూడా తెచ్చింది. సరేనన్నా. తీరా ఆవిడ కత్తెర పెట్టబోతుంటే నీ బొబ్బలు గుర్తొచ్చాయి. ఒక్కో గంటకీ ఒక్కో బొబ్బ. పోయినేడు నాకోసం ఎవడూ వేలు కూడా కాల్చుకోలేదు." ముక్కు తుడుచుకుంది. "ఇది కోస్తే నీకు తెలిసిపోతుంది. తెలిస్తే నువ్వు ఇంక జన్మలో ఎవరికీ ఏదీ చెయ్యవు. నీ సంగతి నాకు తెలుసు. అందుకే వద్దన్నా."

నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. నెబ్రాస్కాలో నన్ను చూసి నవ్వినప్పుడు ఒక్కరు, ఒకే ఒక్కరు నా పక్కన నిలబడి ఉంటే చాలునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఈ పిల్ల పక్కన నిలబడటం కాదు, నా తప్పును మెడలో వేసుకుని స్కూలంతా గంటలు మోగించుకుంటూ తిరిగింది.

"అమ్మ వస్తోంది," అన్నాను. "నన్ను తీసుకెళ్ళడానికి."

"ఈ రోజుకా?"

తల అడ్డంగా ఊపాను. అమ్మతో చేసుకున్న ఒప్పందం సంగతి ఆమెకు అప్పుడే మొదటిసారి చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. లేచి నిలబడి చెయ్యి చాచింది.

"పద. కారు దాకా దిగబెడతా. వెళ్ళేవాడివి వెళ్ళు, ఉండేవాడివి ఉండు. కానీ తలుపు చాటున కూచుని మాత్రం కాదు."

మళ్ళీ అదే వరండా. ఆమె మోగుతోంది, నేను పక్కన నడుస్తున్నాను. జనం చూశారు. కొందరు నవ్వారు. విచిత్రమేమిటంటే, ఆ గణగణల్లో నాకు నవ్వులు సరిగా వినిపించలేదు.

అమ్మ ఇంటి చెప్పులతోనే వచ్చేసింది, కారు పక్కన నిలబడి ఉంది. నొయెమీ మెడలో చామంతి చూసి మొహం విప్పారింది. తర్వాత లోపలికి వెళ్తున్న మెరూన్ పిల్లల్ని చూసింది, మళ్ళీ తెల్లదాన్ని చూసింది. నర్సు కదా, చూపుతోనే పట్టేస్తుంది. "రంగు తప్పా?" అంది గొంతు దిగిపోయి.

"లేదాంటీ, ఏడాది ముందొచ్చింది, అంతే," అంది నొయెమీ. "గంటలు మాత్రం ఊళ్ళో ఎవరికీ ఇట్లా మోగట్లేదు. కావాలంటే వినండి." అని పార్కింగ్ మధ్యలో గెంతి చూపించింది.

అమ్మ నా వైపు చూసింది. కారు తలుపు తెరిచే ఉంది. అడగలేదు. అడిగితే 'అవును' అంటానని భయమేమో.

"అమ్మా," అన్నాను. గొంతు కీచుమంది. పర్వాలేదనిపించింది. "ఆట అయ్యాక రా. నన్నొక్కణ్ణే కాదు, మా ఇద్దర్నీ తీసుకెళ్ళడానికి."

అమ్మ తల ఊపి కారెక్కింది. కదలడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అద్దంలోంచి చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది.

షేలీ ఆ సాయంత్రం నొయెమీ దగ్గరికొచ్చి క్షమాపణ చెప్పిందా అంటే, లేదు. ఇది కథే కానీ మరీ అంత కథ కాదు. కోల్బీ మాత్రం నెలరోజులు నన్ను 'ఫ్యాషన్ డిజైనరు' అని పిలిచాడు. పిలవనీ అనుకున్నాను. పిలిచినప్పుడల్లా నా దండకడియం చూపించి, "నీకూ ఒకటి కుట్టమంటావా?" అనడం నేర్చుకున్నాను. అలా అనగలిగిన మొదటి రోజు ఇంటికెళ్ళి అమ్మకు చెప్తే, పరీక్ష పాసైనంత సంబరపడింది. పొద్దుటి కడుపునొప్పి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. మధ్యాహ్నం భోజనాల హాల్లోనే తింటాను. మా బల్ల దగ్గర ఇప్పుడు కొంతమంది చిల్లీలో తీపి రొట్టె ముంచుకుంటున్నారు. టెక్సస్‌కు నావల్ల జరిగిన మేలు అదొక్కటే.

మేమిద్దరం ప్రేమించుకుంటున్నామా అని అమ్మ అప్పుడప్పుడూ డొంకతిరుగుడుగా అడుగుతుంది. ఏమో. నాకు తెలిసింది ఒకటే. మనిషికి మనిషి చేసే మేలు ఇంత ఉంటుందని ఆ పిల్లను చూశాకే తెలిసింది. దానికి తిరిగి ఏమివ్వాలో ఇప్పటికీ తెలియదు.

ఇది మళ్ళీ అక్టోబరు. ఇప్పుడు మేమిద్దరం సీనియర్లం. ఈసారి బుద్ధిగా ముందే అడిగాను.

"నొయెమీ, తెల్లదేనా? వెండి గంటలు ఎన్ని కావాలి? ఈసారి ఎవ్వరూ వంక పెట్టలేరు."

"మెరూన్‌ది," అంది రొట్టె నములుతూ.

"నువ్వు సీనియర్‌వి. అందరూ తెల్లవి వేసుకుంటారు. నువ్వొక్కదానివే మెరూన్‌లో..."

"నా తెల్లది పోయినేడు అయిపోయింది. ఇంకోటి చేసిస్తే అది దానికి పోటీ వస్తుంది. నాకు వద్దు. మెరూన్ నాకు బాకీ పడింది, అది ఇవ్వు." అని నా గిన్నెలో రొట్టె ముంచింది.

నిన్న సాయంత్రం అంగడికి వెళ్ళాను. అమ్మ కారులోనే ఉంది, రానంది. గోడ నిండా చామంతులు, పై వరసలో తెల్లవి, అలాగే వెలిగిపోతున్నాయి. కౌంటర్లో ఆవిడే, అదే కళ్ళజోడు.

"మెరూన్ పువ్వు, మెరూన్ రిబ్బన్లు, బంగారు రంగు గంటలు ఇవ్వండి," అన్నాను. "గంటలు ఎక్కువివ్వండి."

"ఏ క్లాసు అమ్మాయికి బాబూ?"

"సీనియర్‌కి."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "పొరపాటు పడుతున్నావేమో. సీనియర్లకి తెల్లది కదా."

"తెలుసండీ," అన్నాను. "తెలిసే అడుగుతున్నా."